గోడమీది విజయలక్ష్మి

మా ఇంట్లో ఆ పేరు ఒక తిట్టు.

1997 ఎండాకాలం. కోరుట్లలో మా మేనమామ పెళ్లి. బరాత్‌లో బ్యాండువాళ్లు 'బావ బావమరిది' సినిమాలోని 'బావలు సయ్యా' ఎత్తుకున్నారు. నాకప్పుడు ఏడేళ్లు. మగపిల్లలు ఎగురుతుంటే నేనూ మధ్యలోకి దూరి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నాలుగు అడుగులు వేశాను. చిన్నమ్మ వచ్చి వీపు మీద ఒక్కటి చరిచింది. "ఏందే, సిల్క్ స్మితలెక్క ఎగురుతున్నవ్?" అంది. ఏడుస్తూ అమ్మ దగ్గరికి పోతే ఆమె కొంగుతో నా ముక్కు తుడిచి, "నిన్నెవలు ఎగురుమన్నరు మల్ల" అంది. అదే పాటకు మా మామలు, బాబాయిలు, పెళ్లికొడుకు దోస్తులు అర్ధరాత్రి దాకా ఎగిరారు. వాళ్ల వీపులకు ఏమీ కాలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ పేరు మా వాడకట్టులో వింటూనే ఉన్నాను. పౌడరు కొంచెం ఎక్కువైతే సిల్క్ స్మిత. అద్దం ముందు రెండు నిమిషాలు ఎక్కువ నిలబడితే సిల్క్ స్మిత. మొగుడిని వదిలేసి వచ్చిన పక్కింటి వదిన కూడా, పాపం ఆమె బక్కపలచగా, ఎప్పుడూ దగ్గుతూ ఉండేది, సిల్క్ స్మితే. అసలు ఆ పేరుగల మనిషి అప్పటికే చనిపోయిందని మాకెవరికీ పట్టలేదు. ఆమె 1996 సెప్టెంబర్ 23న మద్రాసులో తన ఇంట్లో ప్రాణం తీసుకుంది. నేను బరాత్‌లో దెబ్బ తిన్ననాటికి ఇంకా ఏడాది కూడా నిండలేదు. ముప్పై ఐదేళ్ల ఆడమనిషి పోయిన ఎనిమిది నెలలకు, ఆమె పాటకు ఊరంతా ఎగురుతూ, ఆమె పేరుతో ఒక పిల్లను కొట్టింది. ఈ లెక్క నేను పిహెచ్‌డి చేసేటప్పుడు కట్టుకున్నాను. అప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. మనం చూసిన మనిషికి, చూసినందుకు, మనం ఏమైనా బాకీ పడతామా?

ఆమె జీవితం గురించి రూఢిగా తెలిసింది కొద్దిగానే. 1960 డిసెంబర్ 2న ఏలూరు దగ్గర కొవ్వలిలో పుట్టింది. పెట్టిన పేరు విజయలక్ష్మి. పేద ఇల్లు. బడి చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. చిన్నవయసులో పెళ్లి చేశారు. ఆ కాపురం నిలవలేదు. మద్రాసు వెళ్లి నటీమణులకు టచప్ చేసే పనిలో కుదిరింది. అంటే ఇంకొకరి మొహం మీది చెమట తుడవడం ఆమె మొదటి సినిమా ఉద్యోగం. 1980లో వినుచక్రవర్తి రాసిన తమిళ చిత్రం 'వండిచక్కరం'లో బార్‌లో పనిచేసే స్త్రీ వేషం దొరికింది. ఆ పాత్ర పేరు సిల్క్. పాత్ర పోయింది, పేరు ఆమెకు అంటుకుపోయింది. అటు తర్వాత పదహారేళ్లు, తమిళ, తెలుగు, మలయాళ, కన్నడ, హిందీ భాషల్లో సుమారు 450 సినిమాలు. 'మూండ్రాంపిరై' మనకు 'వసంత కోకిల'గా డబ్బింగై వచ్చింది. అందులో కమల్ హాసన్‌తో పాట. 1991లో 'ఆదిత్య 369'లో రాయలవారి ఆస్థాన నర్తకి. 1989లో మలయాళంలో 'లయనం', పెద్దలకు మాత్రమే అనే ముద్రతోనే ఏళ్ల తరబడి ఆడిన సినిమా. కొనేవాళ్లు లేక డబ్బాల్లో పడి ఉన్న సినిమాలకు ఆమె పాట ఒకటి తీసి అతికిస్తే అమ్ముడుపోయేవని ఆ రోజుల సినిమా మనుషులే చెప్పుకున్నారు. తనే నిర్మాతగా మారి డబ్బు పోగొట్టుకుంది. సావిత్రిలా, సుజాతలా, సరితలా పాత్రలు చేసే నటిని కావాలనుకున్నానని ఇంటర్వ్యూలో చెప్పింది. ఆ మాట అచ్చయిన తర్వాత కూడా ఆమె దగ్గరికి అవే పాటలు వచ్చాయి.

ఆమె రాసిందంటూ ఒక చివరి ఉత్తరం ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. ఆమె పేరు మీద మనకు దొరికే తెలుగు వచనమంటూ ఉంటే అదొక్కటే. దాన్ని నేనిక్కడ ఎత్తి రాయను. ఒకప్పుడు రాశాను, ఆ సంగతే చెప్పబోతున్నాను.

నా పిహెచ్‌డి విషయం తెలుగు కథ, నవలల్లో కళావంతుల స్త్రీలు. చివరి అధ్యాయంలో సినిమాలోకి వద్దామనుకున్నాను. ఆలయం నుంచి ఆస్థానానికి, ఆస్థానం నుంచి నాటకానికి, అక్కణ్నుంచి తెరకు ఆడే ఆడదాని స్థానం ఎట్లా మారిందో రాస్తూ స్మిత దగ్గర ఆగుదామని. నలభై పేజీలు రాశాను. చూసినాయన "సాహిత్యంలో పట్టా తీసుకుంటూ ఈ బజారు సినిమా ఎందుకమ్మా, రేపు ఇంటర్వ్యూలో ఏం చెప్తావు?" అన్నారు. నేను ఆ నలభై పేజీలు తీసేశాను. చాలాకాలం ఈ కథను నేను ఆయన మీద ఫిర్యాదుగా చెప్పుకుంటూ తిరిగాను. నిజానికి ఆయన ఒక్కసారే అన్నారు. రెండోసారి అనాల్సిన అవసరం రాలేదు. తీసేసిన రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. వైవా రోజు అమ్మానాన్నలు కూడా వచ్చి కూర్చుంటారు, వాళ్ల ముందు ఆ పేరు ఎత్తనక్కర్లేదు కదా అన్న హాయి అది.

ఆ పేజీలనే తర్వాత ఒక సెమినార్‌లో పేపర్‌గా చదివాను. ఊరు, కాలేజీ పేర్లు అనవసరం. లారా మల్వీ 1975లో రాసిన వ్యాసంతో మొదలుపెట్టి, మగచూపు స్త్రీ శరీరాన్ని ఎట్లా ముక్కలుగా కోసి చూపిస్తుందో వివరించాను. వివరించడానికి ఆరు బొమ్మలు తెర మీద వేశాను. నడుము, తొడ, పెదవి. ఆ చివరి ఉత్తరం కూడా చదివాను, గొంతు వణికించి మరీ. చప్పట్లు కొట్టారు. ప్రశ్నల వేళ మగ అధ్యాపకులు ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడుతూనే ఉన్నారు. నా వెనక తెర మీద ఆఖరి బొమ్మ అట్లాగే ఉండిపోయింది. ఇరవై నిమిషాలైనా అయ్యుంటుంది. అప్పుడు వెనక వరసలోంచి ఒక డిగ్రీ అమ్మాయి లేచింది. ప్రశ్న అడుగుతుందనుకున్నాను. "మేడం, ఆ బొమ్మ ఇంకెంతసేపు ఉంచుతరు?" అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆ అమ్మాయికి కోపం లేదు. సభ్యతా పాఠం చెప్పడానికీ లేవలేదు. ఆమె చుట్టూ కూర్చున్న మగపిల్లలు ఆ ఇరవై నిమిషాలూ ఏం గుసగుసలాడుకున్నారో ఆమెకు వినపడింది, నాకు వినపడలేదు, అంతే. దోపిడీ గురించి మాట్లాడటానికి నేను అదే సరుకు తెచ్చుకున్నాను. నా పేపర్‌కు మార్కెట్ ఉన్నదంటే అది మల్వీ వల్ల కాదు, ఆ ఆరు బొమ్మల వల్ల. అమ్ముడుపోని సినిమాకు ఆమె పాట అతికించిన నిర్మాతకూ నాకూ తేడా ఎక్కడో ఆ రోజంతా బస్సులో వెతుక్కున్నాను.

స్త్రీవాదులుగా మన దగ్గర ఇట్లాంటి మనిషి గురించి మాట్లాడటానికి రెండు భాషలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి జాలి భాష. పితృస్వామ్యం నమిలి ఊసేసిన అభాగ్యురాలు అంటాం. రెండోది మెచ్చుకోలు భాష, తర్వాత వచ్చింది. తన లైంగికతను తానే శాసించిన ధీర అంటాం. 2011లో, ఆమె పుట్టినరోజు డిసెంబర్ 2నే, విడుదలైన 'ది డర్టీ పిక్చర్' ఈ రెండింటినీ కలిపి అమ్మింది. మొదటి సగం మెచ్చుకోలు, రెండో సగం జాలి. ఆ వేషానికి విద్యాబాలన్‌కు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం వచ్చింది. బాగా చేసింది, కాదనను. కానీ స్మితలాగా నటిస్తే నటన, స్మిత చేస్తే మాత్రం నటన కాదు. ఈ సంగతి మనలో ఎంతమందికి వింతగా తోచింది? నాకు ఆ ఏడు తోచలేదు. హైదరాబాద్ హాస్టల్ అమ్మాయిలందరం వెళ్లి చూసి, ఏడ్చి, బయట పానీపూరీ తిని వచ్చాం.

ఈ రెండు భాషలకూ ఆమె చచ్చిపోవడం అవసరం. బతికుండి, అరవై దాటి, కొవ్వలిలో ఇల్లు కట్టుకుని, మనవరాలి ఫీజు గురించి విసుక్కుంటూ ఉన్న స్మితతో జాలి భాషకూ పనిలేదు, మెచ్చుకోలు భాషకూ పనిలేదు.

మూడో భాష నాకు మా అమ్మ దగ్గర దొరికింది. దాన్ని భాష అని మా అమ్మ అనుకోదు.

2023 మార్చి 30న 'దసరా' విడుదలైంది. శ్రీకాంత్ ఓదెల తీసిన సినిమా. సింగరేణి బొగ్గుగనుల పక్కన వీర్లపల్లి అనే ఊరు కథాస్థలం. మన గోదావరిఖని మసి, మన మాట, మన బతుకమ్మ తెర మీద ఉన్నాయని కరీంనగర్‌లో జనం ఎగబడ్డారు. నేనూ అమ్మను తీసుకుపోయాను. ఆ ఊళ్లో సిల్క్ బార్ అని ఒకటి ఉంటుంది. గోడ నిండా స్మిత బొమ్మ. నాని, అతని దోస్తులు ఆ బొమ్మ ముందు కూర్చుని సీసాలు పట్టుకుని ఉన్న పోస్టర్ అంతకుముందే అందరి ఫోన్లలో తిరిగింది. ఆ బార్ లోపల కూర్చునే హక్కు ఊళ్లో అందరికీ ఉండదు. అది కులం లెక్క. గోడ మీద బొమ్మకు మాత్రం లోపల శాశ్వతంగా చోటు ఉంటుంది.

ఇంటర్వెల్‌లో సమోసా తింటూ అమ్మ అడిగింది. "చచ్చిపోయినోల్ల బొమ్మ పెట్టుకుంటే పైసలు ఎవలికియ్యాలె?"

నవ్వాను. "బొమ్మకు పైసలేందమ్మా?"

"ఆమె మొకం పెట్టుకునే గదనే బారు నడిపిస్తున్నరు. ఉత్తగనేనా?"

మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చేసింది. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. ఆదిలాబాద్ అడవిలో ఎవరో తెంపి కట్టలు కట్టిన తునికాకు, కార్ఖానా నుంచి ఇంటికి వస్తుంది. తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, సాయంత్రం తీసుకుపోయి అప్పజెప్పాలి. బాగలేవని వాళ్లు పక్కకు తీసేసినవాటికి కూలి ఉండదు, కానీ అవి వెనక్కి కూడా ఇవ్వరు. ఈ పక్కకు తీసినవి ఎటు పోయాయన్నది మా వాడకట్టు ఆడవాళ్ల జీవితకాలపు ప్రశ్న. అందుకే ఆమెకు ముందు ఆ లెక్కే తట్టింది. స్మిత మంచిదా చెడ్డదా, బాధితురాలా ధీరనా అని కాదు. ఆమె చేసిన పని ఇంకా అమ్ముడుపోతున్నది, కూలి ఎటు పోయింది అని.

అవును, అది పని. వేడి లైట్ల కింద రోజుకు పన్నెండు గంటలు, ఒక స్టూడియో నుంచి ఇంకో స్టూడియోకు, నాలుగైదు భాషల్లో, నిన్నటి రిహార్సల్ లేకుండా ఇవాళ చేసే పని. ఆ కళ్లు అరమూసి చూడటం ఊరికే వచ్చింది కాదు. ఎక్కడ ఆపాలో, కెమెరా వైపు ఎప్పుడు తిరగాలో, పక్కనున్న పెద్ద హీరో తడబడుతున్నా తాను ఎట్లా లాక్కుపోవాలో తెలిసిన చేయి తిరిగినతనం అది. 'సిల్క్ పాట' అని విడిగా పేరు పెట్టి పక్కకు నెట్టిన ఆ పనినే తర్వాత పెద్ద హీరోయిన్లు చేశారు. అప్పుడు దానికి స్పెషల్ సాంగ్ అని మర్యాద వచ్చింది.

బీడీ తాగి ఒకడి ఊపిరితిత్తులు పాడైతే చుట్టిన మా అమ్మను ఎవరూ చెడ్డది అనలేదు. సినిమా చూసి ఒకడి బుద్ధి చెడిందంటే మాత్రం ఆడినదాన్నే అంటారు. కోరేవాడి నీతి, చేసేదాని నెత్తిన.

ఈ పోలిక నాకు ఎంత నచ్చిందంటే చాలా రోజులు దీన్నే పట్టుకుని తిరిగాను. అయితే ఒకచోట తెగిపోతుంది. బీడీ కాలి బూడిదవుతుంది. దాని మీద మా అమ్మ మొహం ఉండదు. అమ్మ బీడీల పని మానేసిన రోజున మానేసినట్టే. ఇప్పుడు పింఛను తీసుకుంటూ, ఎవరైనా బీడీ వెలిగిస్తే మూతి తిప్పుకుంటుంది కూడా. స్మిత తన పని మానేయగలదా? 1982లో ఒక పాటకు ఒప్పుకుంది సరే. ఆ ఒప్పుకోలు ఎంత దూరం వస్తుంది? 2023లో 'మార్క్ ఆంటోనీ'లో ఆమె పోలికలున్న ఇంకో అమ్మాయిని అచ్చం ఆమెలా తయారుచేసి నిలబెట్టినదాకానా? సమ్మతి గురించి మనం చాలా రాశాం, చాలా పోరాడాం. కానీ దాన్ని ఎప్పుడూ ఒక క్షణానికి సంబంధించినదిగానే, అవును, కాదు అన్నట్టుగానే ఆలోచించాం. బొమ్మకు ఇచ్చిన సమ్మతికి కాలపరిమితి ఉంటుందా అని అడగలేదు. 2012లో కాపీరైట్ చట్టం సవరించినప్పుడు పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీ హక్కు గట్టిపడింది. దాని గురించి పత్రికల్లో బోలెడు చర్చ. ఆ పాటను తన ఒంటితో నిలబెట్టిన మనిషి ఊసు ఆ చర్చలో ఎంత వచ్చిందో మీరే గుర్తు చేసుకోండి.

ఇదంతా రాసి నా స్నేహితుడికి పంపాను. మంచిర్యాలవాడు, ఎం.ఏ. నుంచి నా జట్టు. మగవాళ్లను ప్రేమించే మగవాడు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 మీద తీర్పు చెప్పిన రోజున మొదట నాకే ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా కాసేపు ఉండి పెట్టేసినవాడు. చదివి, "పని పని అని మల్ల ఆమెను కడిగి పవిత్రం చేస్తున్నవ్" అన్నాడు. "చూసినోళ్లకు సంతోషమైంది గదా. అదెక్కడ రాసినవ్? మీకు సంతోషమంటేనే భయం."

హాస్టల్‌లో మగపిల్లలందరూ వీడియోలో స్మిత పాటలు చూసేటప్పుడు వాడూ కూర్చునేవాడట. అందరి చూపూ ఆమె మీద, వాడి చూపు ఆమె చూపు మీద. "ఒక మొగోణ్ని అట్ల, సిగ్గు లేకుంట, నిమ్మలంగ చూడొచ్చని నాకు ఆమెనే నేర్పింది" అన్నాడు. మగచూపు గురించి ఆరు బొమ్మలు వేసి చెప్పిన నాకు, ఆ పాటల్లో చూస్తున్నది ఆమె కూడా అని ఎన్నడూ తట్టలేదు. ఆమెకు కళ్లున్నాయని వాడు చెప్పాలి నాకు.

వాడే కేసీ డోనవన్ గురించి చెప్పాడు. అసలు పేరు కాల్విన్ కల్వర్. 1943లో న్యూయార్క్ రాష్ట్రంలో చిన్న ఊళ్లో పుట్టి, కొంతకాలం బడిపంతులుగా, మోడల్‌గా, రంగస్థల నటుడిగా చేశాడు. 'కేసీ' అనే చిన్న సినిమాలో వేసిన పాత్ర పేరే తన పేరుగా పెట్టుకున్నాడు, స్మితకు సిల్క్ అంటుకున్నట్టే. 1971 డిసెంబర్ 29న న్యూయార్క్‌లో ఒక థియేటర్‌లో 'బాయ్స్ ఇన్ ది శాండ్' విడుదలైంది. తీసినాయన వేక్‌ఫీల్డ్ పూల్, స్వయంగా నర్తకుడు. మగవాళ్ల మధ్య శృంగారాన్ని దాపరికం లేకుండా చూపిన ఆ సినిమాకు న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటన వేశారు, వెరైటీ పత్రిక సమీక్ష రాసింది. దొంగచాటు సరుకుకు సమీక్ష ఏమిటి అనుకునే రోజులవి. స్టోన్‌వాల్ తిరుగుబాటు జరిగి అప్పటికి రెండున్నరేళ్లే. చీకట్లో కూర్చుని చూసినవాళ్లకు కోరిక ఒక్కటే కాదు, నేను ఒక్కణ్నే కాను అన్న కబురు కూడా అందింది. తెర మీదివాడు అందగాడు, ఎండలో నవ్వుతున్నాడు, శిక్ష పడి చావడం లేదు. మా స్నేహితుడికి ముఖ్యమైనది ఆ నవ్వు. "మా కథలల్ల మేం బతికుండుడే పెద్ద ముచ్చట" అంటాడు.

ఇక్కడే స్మితకూ అతనికీ తేడా. అతన్ని చూసినవాళ్లు అతన్ని తమవాడనుకున్నారు. ఆమెను చూసినవాళ్లు బయటికొచ్చి ఆమె పేరును తమ ఇంటి ఆడపిల్లల వీపుల మీద వాడారు. ఆమెకు చూపరులు కోట్లమంది, తనవాళ్లు లేరు. మనం, ఆడవాళ్లం, తనవాళ్లం కావలసింది. కాలేదు.

అలాగని అతని కథను నేను పండగ చేయలేను. మామూలు సినిమాలో, నాటకంలో పెద్ద నటుడు కావాలని అతను పదిహేనేళ్లు ప్రయత్నించాడు. తలుపు తెరుచుకోలేదు. కీ వెస్ట్‌లో ఇల్లు కొని అతిథిగృహం నడపబోయి నష్టపోయాడు. మళ్లీ పాత పనికే వచ్చాడు. 1987 ఆగస్టు 10న ఎయిడ్స్‌తో పోయాడు. నలభై మూడేళ్లు. తమవాడనుకున్నవాళ్లు కూడా అతన్ని ఒకే వేషంలో చూడాలనుకున్నారు. ప్రేమగా చూసినా చూపు చూపే, కొంత మనిషిని అక్కడే పాతేస్తుంది. ఈ మాట అంటే మా స్నేహితుడు ఒప్పుకోలేదు. ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.

మన సాహిత్య చరిత్రలోకి వస్తే ముద్దుపళని ఉండనే ఉంది. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో 'రాధికా సాంత్వనం' రాసిన కవయిత్రి. వీరేశలింగం అసహ్యించుకున్నారు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ, ఆమె కూడా దేవదాసీ కుటుంబంలో పుట్టినదే, పట్టుబట్టి పూర్తి ప్రతి అచ్చువేయించింది. ప్రభుత్వం నిషేధించింది. 1947లో ప్రకాశంగారి హయాంలో నిషేధం తొలగింది. 1991లో సూసీ తారు, కె. లలిత 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా'తో ఆ కథను లోకానికి చెప్పారు. నా తరం పరిశోధకులమంతా ఆ పుస్తకం పట్టుకునే పెరిగాం. పళని పద్యాల్లో కోరికను తరగతిలో ధైర్యంగా పాఠం చెప్తాం. అయితే ఆమె పద్నాలుగు తరాల అవతల ఉంది, పైగా పద్యం రాసింది. రెండొందల యాభై ఏళ్ల దూరంలో ఉన్నది శృంగారం, మన వీధి థియేటర్‌లో ఆడినది బూతు. దూరం పెరిగేకొద్దీ ఒళ్లు కావ్యమవుతుంది. రాయని మనిషి చరిత్ర ఎట్లా రాయాలి? స్మిత కావ్యం ఆమె ఒళ్లే, అది 450 డబ్బాల్లో ఉంది, దాని మీద ఆమె సంతకం లేదు. నాగరత్నమ్మ ఉండి ఉంటే దీన్ని కూడా అచ్చువేయించేదేమో అని ఒకోసారి అనుకుంటాను. ఊరికే అనుకోవడమే.

ఇది మన ప్రాంతంలో వేరే రకంగా కూడా తెలుసు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో జోగినిగా మార్చిన దళిత స్త్రీని జాతరలో ఊరంతా చూసేది. 1988లో చట్టం వచ్చింది. చట్టం ఆడించేవాళ్లను ఆపమంది. చూసినవాళ్లు తమను తాము ఏమడగాలో ఏ చట్టమూ చెప్పలేదు, చెప్పలేదు కూడా. ఎవరి ఒళ్లు అందరి చూపుకూ అందుబాటులో ఉండాలన్నది ముందు కులం నిర్ణయించింది. సినిమా ఆ ఏర్పాటును టికెట్ మీదికి మార్చింది. సిల్క్ బార్ గోడ ఆ రెంటినీ ఒకేచోట పెట్టుకుంది.

'దసరా'లో ఇంకొక సంగతి ఉంది. దర్శకుడు కావాలని చేశారనుకోను. అందులో కథానాయిక కీర్తి సురేశ్. 2018లో 'మహానటి'లో సావిత్రిగా చేసి జాతీయ పురస్కారం తీసుకున్న నటి. సావిత్రిలాంటి నటి కావాలనుకున్న మనిషి గోడ మీద, సావిత్రి వేషం కట్టిన నటి గోడ ముందు. సిల్క్ పేరు తెచ్చిన సినిమాలో బార్‌లో పనిచేసిన పాత్ర, నలభై మూడేళ్ల తర్వాత మన బొగ్గు ఊళ్లో బార్ గోడకే వచ్చి చేరింది.

పోయిన చలికాలం అమ్మ మోకాళ్లకు మందులు మార్పించడానికి కరీంనగర్ వచ్చి నా దగ్గర నెల రోజులు ఉంది. ఒక రాత్రి 'సీతాకోకచిలుక' పెట్టాను. 1981లో వచ్చిన భారతీరాజా సినిమా. అందులో స్మిత మొరటు భర్తకు భార్య. ఒంటి నిండా చీర, తక్కువ మాటలు. ఎక్కువ భాగం ఊరికే నిలబడి చూస్తూ ఉంటుంది. అమ్మకు ఏమీ చెప్పలేదు. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే పిలిచింది.

"ఎవలే ఈ పిల్ల? మంచిగ చేస్తున్నది."

చెప్పాను. అమ్మ కొంచెంసేపు తెరకు దగ్గరగా జరిగి చూసింది. కళ్లద్దాలు తెమ్మంది. తెచ్చి ఇచ్చాను.

"ఆమె అసలు పేరేంది?"

"విజయలక్ష్మి."

"మా పెద్దబాపు బిడ్డ పేరు గూడ గదే" అంది. "కొంచెం ఎనుకకు తిప్పు, పొట్టిగిన్నె చప్పుడుల నాకు ఇనబడలే."